గడప ముందు తడి అడుగులు

పిల్లలకు మంచి అలవాట్లు నేర్పడంలో నన్ను మించిన టీచరు ఆ చుట్టుపక్కల లేదని ఒకప్పుడు నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం మా బళ్ళ డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారికి కూడా ఉండేది. బడి విజిటర్సు పుస్తకంలో నాలుగు వాక్యాలు మెచ్చుకుంటూ రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళారు. ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన మీరు పళ్ళు తోమడం మీదా చేతులు కడగడం మీదా పాటలు కట్టి పిల్లలచేత ఆడిస్తుంటే నాకు ముచ్చటేస్తుంది. దాని వెనకాలే కొంచెం భయం కూడా వేస్తుంది. ముసలిదాని చాదస్తం అనుకోకుండా ఆ భయం సంగతి వినండి.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది ప్రొద్దుటూరు. ట్రైనింగు పూర్తి చేసుకుని, ఇరవై రెండేళ్ళ వయసులో, జమ్మలమడుగుకూ పులివెందులకూ మధ్య ఒక పల్లెలో జిల్లా బోర్డు స్కూలుకు రెండో టీచరుగా వెళ్ళాను. బస్సు దిగి రెండు మైళ్ళు నల్లరేగడి చేలల్లో నడవాలి. వాన పడిందంటే కాళ్ళకు చెప్పుల కంటే మందంగా మట్టి పట్టుకునేది. బడి అంటే నాపబండలు పరిచిన ఒకే ఒక పొడుగాటి గది. పక్కనే, పిలిస్తే పలికేంత దూరంలో, ఊరంతా నీళ్ళు తాగే దిగుడు బావి. దానికి గిలకా లేదు, చేదా లేదు. మెట్లు దిగి నీళ్ళ దాకా పోయి బిందె ముంచుకోవాల్సిందే.

మొదటి టీచరును ఊళ్ళో పెద్దయ్యవారు అనేవాళ్ళు. యాభై దాటిన మనిషి. నోట్లో వక్కాకు పడితేగానీ మాట వచ్చేది కాదు, పడ్డాక మాట అర్థమయ్యేది కాదు. నేను చేరిన వారానికే పిల్లల గోళ్ళు తీయించడం మొదలుపెడితే ఆయన కిటికీలోంచి ఉమ్మేసి వచ్చి అన్నాడు: "గోళ్ళు మళ్ళా పెరుగుతాయి టీచరమ్మా. మనం నిదానంగా పోదాం."

నిదానం నాకు పుట్టుకతోనే లేదు. ముక్కు మీద కోపం, చేతిలో ఆరోగ్యశాస్త్రం పుస్తకం, ఈ రెండూ పట్టుకుని దిగాను. పిల్లలను చూస్తే కోపం రావడం న్యాయమే. కళ్ళల్లో పుసులు, తలల్లో పేలు, కాళ్ళ మీద పుండ్లు, వాటి మీద ఈగలు. అదే చేత్తో పుండు గోక్కుని అదే చేత్తో వేయించిన శనక్కాయలు తినేవాళ్ళు. మూడు నెలల్లో పళ్ళు తోమించాను, తలలు దువ్వించాను. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పిల్లలు నన్ను గెలిచారు. కడుక్కున్నారా అంటే గొంతు చించుకుని కడుక్కున్నాం అనేవాళ్ళు. చూస్తే మోకాళ్ళ దాకా దుమ్ము.

అప్పుడు నేనొక నియమం పెట్టాను. బడి గడప ముందు పెద్ద నాపబండ ఉంది. వచ్చిన ప్రతి బిడ్డా దాని మీద రెండు కాళ్ళూ ఆనించి చూపించాలి. తడి అడుగు పడితే లోపలికి. పడకపోతే వెనక్కి. నోటి మాట చెల్లదు, బండే సాక్ష్యం. ఇంటి దగ్గర కడుక్కుని వచ్చిన పిల్లల కాళ్ళు దారిలో ఆరిపోయేవి. అందుకని అందరూ బడి పక్కనున్న బావికే పరుగెత్తేవాళ్ళు. ఆఖరి మెట్టు మీద నిలబడి నీళ్ళల్లో కాళ్ళు ఆడించి, తడి ఆరకముందే వచ్చి బండ మీద నిలబడేవాళ్ళు. ఆ చిన్న చిన్న తడి అడుగులు వరసగా చూస్తే నాకు కడుపు నిండిపోయేది.

ఈ పనిలో నాకు కుడిచెయ్యి నాలుగో తరగతి ఆడపిల్ల. గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల. చదువులో చురుకు, మాటలో పొదుపు. నేను ఒకసారి చెబితే శాసనం అనుకునేది. ఒకటో తరగతి పిల్లలు మెట్ల మీద జారతారని ఒక్కొక్కరినే చెయ్యి పట్టి దించి, తానే వాళ్ళ కాళ్ళు రుద్ది కడిగి, మళ్ళీ చెయ్యి పట్టి పైకి తెచ్చేది. వాళ్ళల్లో ఆమె తమ్ముడు కూడా ఉండేవాడు. వాడికి కాళ్ళు కడిగించుకోవడం ఇష్టం లేదు. అక్క భుజం మీద పిడికిళ్ళతో గుద్దుతూ వచ్చేవాడు. వాణ్ణి చూసి నవ్వని వాళ్ళు లేరు.

ఊళ్ళో అడ్డం చెప్పింది ఒక్క ముసలామె. రోజూ బిందెతో వచ్చే మనిషి. ఒకరోజు నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను నిలదీసింది.

"ఏమ్మా టీచరమ్మా, తాగే నీళ్ళల్లో కాళ్ళు పెట్టమని యాడ రాసినారు మీ పుస్తకాల్లో?"

"నువ్వు బిందె ముంచేటప్పుడు నీ కాళ్ళు గాల్లో ఉంటాయా అవ్వా?" అన్నాను.

"మా కాళ్ళు వేరే. పుండున్నోళ్ళం మేం ఆ మెట్లు దిగం. మా అత్త కాలం నుంచీ దిగం. పక్కింటోళ్ళు తెచ్చిపోస్తారు. నీ పిల్లోళ్ళు పుండ్ల కాళ్ళతో దిగుతాండారు."

ఆ మాట నేను వినలేదు. చెవిన పడింది కానీ వినలేదు. అన్ని కులాల పిల్లలూ ఒకే మెట్టు మీద నిలబడి కాళ్ళు కడుక్కోవడం ఆమెకు కంటగింపుగా ఉందని నేను అప్పటికే తీర్మానం చేసుకున్నాను. "నీళ్ళకు లేని అంటు నీకెందుకవ్వా?" అని నలుగురూ వినేట్టు అన్నాను. గట్టున ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. ఆమె బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ వారం ప్రొద్దుటూరు వెళ్ళినప్పుడు మా అమ్మకు ఆ ముచ్చట రెండుసార్లు చెప్పుకున్నాను.

ఆ వేసవిలో, ఒంటిపూట బడి మొదలైన రోజుల్లో, నా కుడిచెయ్యి పిల్ల బడికి రావడం మానేసింది. వెళ్ళి చూస్తే చీలమండ దగ్గర బొబ్బ లేచి చిట్లింది. నారికురుపు. ఊళ్ళో నారి అనేవాళ్ళు. ఈ తరం వాళ్ళు మీరు చూసి ఉండరు, చూడకపోవడమే మేలు. బొబ్బ పగిలితే లోపలి నుంచి తెల్లటి దారం లాంటి పురుగు బయటికి వస్తుంది. మూర పొడుగు ఉంటుంది, ఇంకా ఎక్కువే ఉంటుంది. దాన్ని చిన్న పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెం లాగాలి. మధ్యలో తెగితే కాలు బండలా వాచిపోతుంది. ఆ ఊళ్ళో అది కొత్త కాదు. ఏడాదికి నలుగురికో ఐదుగురికో వచ్చేది. ఒంట్లో వేడి అని కొందరు, అమ్మవారి కోపం అని కొందరు అనేవాళ్ళు.

"పుండు మానేదాకా నీళ్ళ కాడికి పంపగూడదంటారు టీచరమ్మా," అంది వాళ్ళమ్మ.

"పుండున్న వాళ్ళే ఇంకా శుభ్రంగా కడుక్కోవాలి," అన్నాను నేను. ఈ మాట నేను అన్నాను. ఎవరో అన్నది కాదు, నేనే. పిల్లను వెంటబెట్టుకుని బడికి తెచ్చాను. ఆ పిల్ల కుంటుకుంటూ మెట్లు దిగి, పుల్ల కట్టిన కాలు నీళ్ళల్లో పెట్టి, నా వైపు చూసి నవ్వింది. "సల్లగుండాది టీచరమ్మా. మంట పోతాది," అంది. అప్పటి నుంచి పురుగు మొత్తం వెళ్ళిపోయేదాకా రోజూ కడిగింది. చిన్నపిల్లల పనీ మానలేదు. డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు వచ్చి పుస్తకంలో ఆ నాలుగు వాక్యాలు రాసింది కూడా ఆ నెలలోనే.

ఏడాది తిరిగింది. ఆంధ్రప్రదేశ్ వచ్చింది, రాజధాని హైదరాబాదుకు పోయింది, మా బడికి కొత్త మ్యాపు వచ్చింది. చలి తగ్గి ఎండ ముదురుతుండగా పిల్లలు కుంటడం మొదలుపెట్టారు. మొదట ముగ్గురు. తర్వాత వారానికి ఇద్దరు ముగ్గురు చొప్పున. శివరాత్రి దాటేసరికి తడి అడుగుల వరసలో సగం మంది లేరు. వచ్చినవాళ్ళల్లో కొందరి కాళ్ళకు పుల్లలు. ఆ పిల్ల తమ్ముడికి మోకాలి వెనక లేచింది. వాడు ఆటల్లో పడి దాన్ని తెంపుకున్నాడు. మోకాలు కుండంత అయింది. జ్వరంలో మూలుగుతుంటే బండి కట్టి జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణం దక్కింది. కాలు మాత్రం మడత పడ్డది పడ్డట్టే ఉండిపోయింది. ఆరేళ్ళ పిల్లవాడు, ఇంక నేల మీద ఆ కాలు ఆనదని చెప్పి పంపించారు.

నేనేం చేశానో తెలుసా? శుభ్రం ఇంకా పెంచాలని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కాళ్ళు కడిగించాను.

ఆ నెలాఖరులో అమ్మవారు పోయకుండా మశూచి టీకాలు వేయడానికి హెల్త్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ప్రొద్దుటూరు వైపు ముస్లిం. తల నెరిసిన నెమ్మదైన మనిషి. మా పిల్లల చేతులకు టీకాలు వేస్తూ వేస్తూ వాళ్ళ కాళ్ళు చూశాడు. సూది పక్కన పెట్టాడు.

"ఇంతమందికి నారి యాడి నుంచి వచ్చె?" అన్నాడు. పెద్దయ్యవారు ఆకాశం వైపు చూపించాడు.

ఆయన లేచి బావి దాకా నడిచాడు. మెట్ల మీద కూర్చుని ఒక గాజు సీసాలో నీళ్ళు ముంచి, ఎండకు ఎత్తి పట్టుకుని నన్ను పిలిచాడు. చూశాను. ఆవగింజలో పదో వంతు కూడా లేని తెల్లటి నలుసులు ఆ నీళ్ళల్లో చిటుక్కు చిటుక్కున ఎగురుతున్నాయి.

"ఇది నీటిపురుగమ్మా. పుండున్న కాలు నీళ్ళల్లో పెడితే నారి పిల్లలను విడుస్తాది. ఈ పురుగు వాటిని మింగుతాది. ఆ నీళ్ళు మనం తాగుతాం. ఏడాదికి మన కాల్లో నారి లేస్తాది." సీసా దించి చుట్టూ చూశాడు. "పిల్లోళ్ళు కాళ్ళు యాడ కడుక్కుంటారమ్మా?"

చూడండి, నా నోరు ఎట్లాంటిదో. ఆయన చెప్పింది తలకెక్కేలోపల, ఏడాదిన్నరగా అలవాటైన గర్వంతో, అడిగిన మరుక్షణమే జవాబు వచ్చేసింది.

"ఇక్కడే. రోజూ. నేనే నేర్పించాను."

ఆయన లేచాడు. సీసాలో నీళ్ళు మెట్ల మీద కాకుండా, పైకి వచ్చి దూరంగా మట్టిలో పారబోశాడు. "తెలిసి చేసినారా ఏంది? పాత చీర గుడ్డ నాలుగు మడతలేసి నీళ్ళు వడగట్టి తాగమని చెప్పండి. పుండు కాలు నీళ్ళల్లో పడనీయొద్దు," అన్నాడు. పెద్దమనిషి. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నం పెద్దయ్యవారికి అంతా చెప్పాను. రేపు చావడిలో ఊరందరి ముందూ ఒప్పుకుంటానన్నాను. ఆయన మొదటిసారి వక్కాకు ఉమ్మేసి వచ్చి, నోరు పుక్కిలించి, నా ఎదురుగా కూర్చున్నాడు.

"బాయిలో దిగొద్దని చెప్పు. వడగట్టమని చెప్పు. ఎందుకో చెప్పొద్దు. నిజం చెప్తే నీ గుండె బరువు దిగుతాది. అది ఎవరి మీద పోయి పడతాదో నీకు తెలుసా?"

పిరికిమాట అనుకున్నాను. మెల్లగా నడిచేవాళ్ళ మాటలన్నీ నాకు పిరికిమాటలే. మరునాడు ఆదివారం. పొద్దునే చావడిలో నిలబడి, నారి ఎట్లా వస్తుందో, నా నియమం వల్ల పుండు కాళ్ళు రోజూ బావిలో ఎట్లా మునిగాయో, ముసలామె మాట నేను ఎట్లా తోసేశానో, అంతా దాచకుండా చెప్పాను. కొడతారనుకున్నాను. కనీసం తిడతారనుకున్నాను. మొదట మాట్లాడింది కాలు పోయిన పిల్లవాడి తండ్రే. తలగుడ్డ సర్దుకుని లేచాడు.

"మా నాయనకు వచ్చినాది, మా అబ్బకు వచ్చినాది. నువ్వు పుట్టకముందు నుంచీ ఉండాది నారి. శానా మంచిదానివి టీచరమ్మా, ఎందుకు నెత్తినేసుకుంటావు? మా రాత."

అందరూ తలలూపారు. ముసలామె మాత్రం "చెప్తి గదా" అని ఒక్క మాట అని, లేచి, చీర దులుపుకుని వెళ్ళిపోయింది. నలుసంత పురుగు నారిని కడుపులో పెట్టుకుని తిరుగుతుందంటే ఆ చావడిలో ఎవరూ నమ్మలేదు. గుడ్డతో వడగట్టే విషయం కూడా నా తృప్తి కోసం సరేనన్నారు.

నమ్మింది ఒక్కరే. చావడి స్తంభం పక్కన, తమ్ముణ్ణి చంకనెత్తుకుని నిలబడి విన్న ఆ పిల్ల. నేను చెప్పింది ఏదీ ఆమె ఎప్పుడూ నమ్మకుండా ఉండలేదు.

అలవాటు మాన్పించడం నేర్పినంత సులువు కాదని తర్వాత తెలిసింది. పొద్దున్నే పైమెట్టు మీద చేతులు చాపి నిలబడేదాన్ని. పిల్లలు నా చేతుల కిందుగా దూరి దిగేవాళ్ళు. ఒకటో తరగతి పాప ఒకతి, కాళ్ళు పొడిగా ఉన్నాయని గడప దాటనంది. "తడి లేదు టీచరమ్మా, నన్ను కొడతావు," అని బండ పక్కన నిలబడి ఏడ్చింది. ఎత్తుకుని లోపలికి తెచ్చాను. ఇంటి నుంచి ముంతలతో నీళ్ళు తెప్పించి, బావికి దూరంగా కంచె పక్కన కడిగించాను. గుడ్డ పెట్టి వడగట్టడం నేర్పించాను. కొన్ని ఇళ్ళల్లో పిల్లలే పెద్దవాళ్ళ మీద పోట్లాడి వడగట్టించారు. ఆ మరుసటి ఏడు బడిలో కుంటేవాళ్ళు బాగా తగ్గారు. నారికురుపు తగ్గిందంటే దానికీ కారణం నేనే అని చెప్పుకోవచ్చు. నాకు ఆ మాట నోటికి రాదు.

ఆ పిల్ల ఈ పనులన్నిటిలోనూ ఉంది, కానీ ఒక్క తేడా. చిన్నపిల్లల చెయ్యి పట్టుకోవడం మానేసింది. వాళ్ళే వచ్చి పట్టుకుంటే మెల్లగా విడిపించుకునేది. నేను చూస్తూనే ఉన్నాను. పరీక్షల బెంగ అనుకున్నాను.

చావడి మాట జరిగిన ఆ ఏడే ఐదో తరగతిలో బడికంతా ఫస్టు వచ్చింది. జమ్మలమడుగులో ఆడపిల్లల హాస్టల్లో సీటు కోసం నేను ముందే వెళ్ళి మాట్లాడి, కాగితాలన్నీ సిద్ధం చేసి, వాళ్ళ నాయనను ఒప్పించి ఉన్నాను. ఆ ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి ఆడపిల్ల ఆమె. ఆరో తరగతికి పోతే ఆ ఊరికే మొదటిది అయ్యేది. జూన్‌లో చేర్చడానికి తీసుకుపోవాల్సిన రోజు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. తలకు నూనె పెట్టి జడ వేసి ఉంది. కొత్త పరికిణీ కట్టుకుని ఉంది. కానీ పెట్టె సర్దలేదు. తమ్ముడు ఒళ్ళో ఉన్నాడు.

"పోదాం పద అమ్మీ, బస్సు పోతుంది," అన్నాను.

"నేను రాను టీచరమ్మా."

వాళ్ళమ్మ నన్ను చూసి చేతులు తిప్పింది. రాత్రి నుంచీ ఇదే మాటట. నేను కింద కూర్చున్నాను. ఎందుకు రావని అడిగాను.

"నేను పోతే వాన్ని బడికి ఎవరు ఎత్తుకపోతారు? నాయన గొర్రెలెంట పోతాడు. అమ్మ కూలికి పోతాది."

"ఏదో ఒక దారి చూద్దాం. పెద్దయ్యవారితో చెప్తాను."

ఆ పిల్ల తమ్ముడి మడత కాలు మీద చెయ్యి వేసి నిమిరింది.

"వాని కాలు నేనే గదా పోగొట్టింది. నా కాల్లోది వాని కాల్లోకి పోయె."

గబగబా చాలా చెప్పాను. కాదన్నాను. నీకేం తెలుసన్నాను. నీళ్ళల్లో పుండు కాలు పెట్టమంది నేను, పిల్లల కాళ్ళు కడగమంది నేను, నీకు తెలియకుండా చేయించింది నేను, తప్పు నాది, మొత్తం నాది అన్నాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను. ఆ పిల్ల ఏడవలేదు. పాఠం వినేటప్పటిలాగే తల కొంచెం పక్కకు వంచి పూర్తిగా విన్నది.

"మీరు చెప్పినారు టీచరమ్మా," అంది. "కడిగింది నేను."

పదకొండేళ్ళ పిల్ల. కాగితాలు చేత్తో పట్టుకుని ఒక్కదాన్నే బస్సు దాకా నడిచి, బస్సు ఎక్కకుండా తిరిగి వచ్చాను.

పెద్దయ్యవారు చెప్పింది సరైనదా అని మీరు అడుగుతారు. తెలియదు. నిజం దాచి ఉంటే ఆ పిల్ల చదువుకునేది. కానీ దాచి ఉంటే ఆ పిల్లలు నాతో కలిసి వడగట్టేవాళ్ళా? ఇన్నేళ్ళుగా ఈ రెండింటినీ అటూ ఇటూ తూస్తున్నాను, ముల్లు నిలబడదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. పిల్లలకు ఏదైనా అలవాటు నేర్పే ముందు, ఆ ఊళ్ళో దాని గురించి ముసలివాళ్ళు ఏమంటున్నారో ఒకసారి కూర్చుని వినండి. అంతా మూఢనమ్మకమే కావచ్చు. అయినా వినండి.

తర్వాత నాకు రెండుసార్లు ప్రొద్దుటూరుకు బదిలీ వచ్చింది. రెండుసార్లూ కాళ్ళా వేళ్ళా పడి ఆపించుకున్నాను. జబ్బుతో ఒక ఏడు వెనకబడ్డ ఆ పిల్లవాడు ఐదో తరగతి పాసయ్యేదాకా నాలుగేళ్ళు అక్కడే ఉన్నాను. ఆ నాలుగేళ్ళూ ఆ పిల్ల తమ్ముణ్ణి రోజూ చంకనెత్తుకుని తెచ్చి, గడప లోపల దించి, తాను బయటే ఆగిపోయేది. పోను పోను వాడు బరువెక్కాడు, ఆ పిల్ల నడుం ఒక పక్కకు ఒరిగింది. లోపలికి వచ్చి కూర్చో అమ్మీ అని రోజూ పిలిచేదాన్ని. "పనుంది టీచరమ్మా," అనేది. ఏ పనీ లేదు. బడి విడిచేదాకా కిటికీ కింద గోడనీడలో కూర్చుని ఉండేది. నాకు తెలుసు. అందుకని ఆ నాలుగేళ్ళూ నేను పాఠం కొంచెం గట్టిగా చెప్పేదాన్ని.